వింత గేమ్ డబ్బాలు, వాటితో నా తంటాలు

అందరి దగ్గరా ఉండే గేమ్ మెషీన్ మీదికి నా మనసు ఎప్పుడూ పోలేదు, పోయినా నాలుగు రోజులు నిలవలేదు. ఎవరూ కొననిది, తయారు చేసిన కంపెనీయే చేతులెత్తేసినది, పేరు చెబితే ఎదుటివాళ్ళు "ఏంటీ?" అని మొహం చిట్లించేది ఏదైనా కంటపడితే మాత్రం ఇక అంతే, నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు నా బల్ల సొరుగు నిండా అవే. కొన్ని బాగానే పనిచేస్తాయి, కొన్ని మూడ్ బాగుంటే పనిచేస్తాయి, ఇంకొన్ని అసలు లేవవు గానీ పారేయడానికి చెయ్యి రాదు. "ఇవన్నీ ఎందుకు రా పోగేశావు, హాయిగా ఫోన్లో ఆడుకోవచ్చుగా" అని మా అన్నయ్య కనిపించినప్పుడల్లా అంటూనే ఉంటాడు. తనకి ఇంతవరకు సరైన జవాబు చెప్పలేదు. ఇది తనకే రాస్తున్నానని అనుకోండి.

నా పిచ్చి మొదలైంది అరచేతిలో ఇమిడే ఎల్‌సీడీ ఆటలతో. ఒక డబ్బా, దాంట్లో ఒకే ఒక్క ఆట. ఈ రకానికి పేరు తెచ్చింది జపాన్ కంపెనీ నింటెండో 1980లో వదిలిన గేమ్ అండ్ వాచ్. గున్‌పే యొకొయ్ అనే ఆయన బుర్రలోంచి పుట్టింది అది. క్యాలిక్యులేటర్లకి వాడే చౌక తెరనీ చిప్‌నీ తీసుకుని ఆట బొమ్మగా మార్చేశాడు. అప్పటికే పాతబడి చవగ్గా దొరికే సామాన్ని ఎవరూ వాడని పనికి వాడటం ఆయన పద్ధతి. ఆ తెర మీద బొమ్మ నిజంగా కదలదు. ఆకారాలన్నీ ముందే గాజులో పోసి ఉంటాయి, ఒకటి మాయమై పక్కది నల్లబడుతుంది, మన కళ్ళు దాన్ని పరుగు అనుకుంటాయి. నాకు ఆట కన్నా ఇదే ఎక్కువ నచ్చేది. సెల్లు మార్చి, సన్నటి పిన్నుతో రీసెట్ నొక్కితే అన్ని బొమ్మలూ ఒక్కసారిగా తేలేవి. ఒకే మనిషి అన్ని చోట్లా అన్ని భంగిమల్లో నిలబడి ఉంటాడు, పడాల్సిన వస్తువులన్నీ గాల్లోనే ఉంటాయి, అంకెలన్నీ ఎనిమిదులు. ఆటలో ఇకమీద జరగబోయేదంతా ముందే చూసేసినట్టు ఉండేది. ఆఫ్ చేశాక కూడా వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే ఆ ఆకారాల జాడలు లీలగా కనిపించేవి, నేను వాటిని వెతుక్కుంటూ కూర్చునేవాణ్ణి.

నింటెండో ప్లస్ ఆకారం బటన్ మొదట కనిపించింది కూడా ఆ వరసలోనే, 1982లో వచ్చిన డాంకీ కాంగ్ డబ్బా మీద. రెండు తెరలతో పుస్తకంలా మడిచే డబ్బా అది. ఇప్పుడు ఆ రకం బటన్ లేని కంట్రోలర్ దొరకడమే కష్టం. అంటే ఈ వింతల్లో కొన్ని కాలక్రమంలో మామూలైపోతాయి. చాలా వరకు అలా కావు, నాకు ఆ కానివే కావాలి.

1989 సంగతి ఎవరు చెప్పినా ఒకేలా చెబుతారు. నింటెండో వాళ్ళ గేమ్ బాయ్ వచ్చింది, నాలుగు ఛాయల తెర, లైటు లేదు, కానీ నాలుగు పెన్సిల్ సెల్లు వేస్తే పదిహేను గంటల పైనే ఆడుకోవచ్చు. అదే ఏడాది అటారీ లింక్స్ వచ్చింది, రంగుల తెర, వెనక లైటు, కానీ ఆరు సెల్లు వేస్తే నాలుగైదు గంటల్లో తాగేసేది. మరుసటి ఏడు వచ్చిన సెగా గేమ్ గేర్‌దీ అదే తిండి. కాబట్టి గేమ్ బాయ్ గెలిచింది, కథ కంచికి. నిజమే, కాదనను. కానీ నాది ఎడమచేతి వాటం, నా లెక్క వేరు. లింక్స్‌కి ఎ, బి బటన్లు పైనా కిందా రెండు జతలు ఉంటాయి, మెషీన్ని తలకిందులు చేసి పట్టుకుంటే తెర మీద బొమ్మని కూడా తిప్పేసుకోవచ్చు, దాంతో దిక్కుల బటన్ కుడి చేతి కిందికి, కొట్టే బటన్లు ఎడమ చేతి కిందికి వస్తాయి. ఎవరో వాడి పక్కన పెట్టేసిన లింక్స్ చాలా ఏళ్ళ తర్వాత నా చేతికొచ్చింది. జేబులో పట్టదు, బరువు, ఆ సెల్లకి అయ్యే ఖర్చుకి ఇంట్లో తిట్లు. అయినా సరే, నాలాంటి వాళ్ళు కూడా ఆడతారని దాన్ని గీసిన రోజునే ఎవరో తలుచుకున్నారు కదా అనిపించింది. అంతకు ముందు నేను పట్టుకున్న ఏ మెషీన్ దగ్గరా ఆ మాట అనిపించలేదు.

ఈ డబ్బాల మీద నా మోజంతా ఇక్కడే ఉంది. అమ్మకాలు చూసే మనిషి ఎవరైనా "ఇది దండగ, తీసెయ్యండి" అనాల్సిన ఒక్క సంగతి, ఎవరి పట్టుదల వల్లో తీసెయ్యకుండా మిగిలిపోయి, చివరికి మన చేతిదాకా వస్తుంది. పెద్ద కంపెనీల మెషీన్లలో అలాంటివి అరిగిపోయి నున్నగా అయిపోతాయి. వీటిలో మాత్రం చేత్తో తడిమితే తగులుతాయి.

కాకపోతే మెషీన్ని ముంచేది కూడా చాలాసార్లు ఆ పట్టుదలే.

వండర్‌స్వాన్ విషయమే తీసుకోండి. యొకొయ్ 1996లో నింటెండో నుంచి బయటికొచ్చి సొంత సంస్థ పెట్టుకుని, బండాయ్ అనే బొమ్మల కంపెనీ కోసం ఈ గేమ్ మెషీన్ మీద పనిచేశాడు. 1997లో రోడ్డు ప్రమాదంలో పోయాడు. మెషీన్ 1999లో జపాన్‌లో వచ్చింది. దాంతో పాటు వచ్చిన పజిల్ ఆటకి గున్‌పే అని ఆయన పేరే పెట్టారు. ఒకే ఒక్క పెన్సిల్ సెల్లుతో ముప్పై గంటల దాకా నడిచేది. అడ్డంగా పట్టుకుని ఆడొచ్చు, నిలువుగా పట్టుకునీ ఆడొచ్చు, అందుకోసం ఎడమవైపు నాలుగేసి బటన్ల గుంపులు రెండు పక్కపక్కనే పెట్టారు. ఒకే ఆటలో ఒక ఘట్టం అడ్డంగా నడిచి, తర్వాతది నిలువుగా తిప్పి పట్టుకోమంటే వచ్చే సరదా ఇప్పటికీ నాకు పోలేదు. కానీ ఆ మెషీన్‌ని జపాన్ బయట అధికారికంగా ఎప్పుడూ అమ్మలేదు, ఆటలు దాదాపు అన్నీ జపనీసులోనే. మాటలు తెలియక నేను మెనూలని వరస క్రమంలో బట్టీ పట్టాను, పై నుంచి రెండోది సామాన్లు, అట్టడుగుది సేవ్, మధ్యలో ఏదో నొక్కితే వాడెవడో చాలాసేపు మాట్లాడతాడు. కథ నాకు నచ్చినట్టు ఊహించుకున్నాను. తర్వాత ఎప్పుడో అభిమానులు చేసిన అనువాదంతో అదే ఆట ఆడితే, నేను విలన్ అనుకున్న మనిషి హీరోకి మేనమామ. నా కథే బాగుంది.

నియో జియో పాకెట్ కలర్ అనే చేతి మెషీన్ కూడా 1999దే. దాని స్టిక్ గురించి ఒక పేజీ రాయమన్నా రాస్తాను. బొటనవేలి కింద చిన్న గుండ్రటి ముక్క, దాని లోపల మైక్రోస్విచ్‌లు, ఏ వైపు నెట్టినా టిక్ అంటుంది. ఆర్కేడ్ మెషీన్ల, అంటే నాణెం వేసి నిలబడి ఆడే పెద్ద డబ్బాల, స్టిక్ అనుభవాన్ని వేలి కొనకి తెచ్చేశారు. ఫైటింగ్ ఆటల్లో కిందికి, ఏటవాలుగా, ముందుకి అని దొర్లిస్తే వరసగా మూడు టిక్కులు వినపడతాయి, దెబ్బ తగిలిందో లేదో తెర చూడకుండానే వేలికి తెలిసిపోతుంది. ఇన్నేళ్ళలో అంతకన్నా మంచి దిక్కుల బటన్ నా వేలికి తగల్లేదు, ఈ మాట మీద ఎవరితోనైనా వాదిస్తాను. రాత్రి దుప్పట్లో సౌండ్ తగ్గించి ఆడితే మాత్రం ఆ టిక్కుటిక్కులే పట్టించేసేవి. "ఒరేయ్, అదేదో పురుగులా ఉంది, ఆపుతావా" అని చీకట్లోంచి అన్నయ్య గొంతు. అన్నట్టు, ఆ మెషీన్లో రాశిఫలాలు కూడా ఉంటాయి. ఆట పెట్టకుండా ఆన్ చేస్తే క్యాలెండరు, దేశదేశాల టైము, ఈ రోజు మీకు ఎలా ఉందో అన్నీ చెబుతుంది. గేమ్ మెషీన్‌కి మన జాతకంతో పనేంటో నాకు అర్థం కాలేదు, కానీ రోజూ చూసుకునేవాణ్ణి. దాన్ని చేసిన ఎస్‌ఎన్‌కే 2001లో దివాలా తీసింది. ఆ సంగతి జాతకంలో రాలేదు.

ఎన్-గేజ్ గురించి తొందరగా చెప్పేసి ముందుకెళ్తాను, ఎందుకంటే దాన్ని వెక్కిరించని వాళ్ళు లేరు. 2003లో నోకియా తెచ్చిన గేమ్ ఫోన్ అది. ఆట మార్చాలంటే వెనక మూత తీసి, బ్యాటరీ పీకి, లోపల కార్డు మార్చి, మళ్ళీ బ్యాటరీ పెట్టి, ఫోన్ ఆన్ అయ్యేదాకా కూర్చోవాలి. మాట్లాడాలంటే దాని అంచుని చెవికి ఆనించాలి. మరుసటి ఏడాది క్యూడీ అని ఇంకోటి వదిలి రెండు లోపాలూ సరిచేశారు గానీ, పాటలు వినడం, ఎఫ్‌ఎం రేడియో తీసేశారు. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడం అంటే ఇదే.

అసలు బాధ ఇవేవీ కాదు. సెల్లు కొనుక్కోవచ్చు, బరువు మోయొచ్చు, వెలుతురు కోసం కిటికీ పక్కకి జరగొచ్చు. వింత మెషీన్ కొన్నవాడికి తోడు దొరకరు, అదీ బాధ. వీటిలో చాలావాటికి కేబుల్ దూర్చే చిన్న సందు ఉంటుంది, ఇంకో మెషీన్‌తో కలిపి ఇద్దరు ఆడుకోవడానికి. లింక్స్ అయితే ఇద్దరితో ఆగదు, కేబుల్ వెనక కేబుల్ తగిలించుకుంటూ గుంపుగా ఆడే ఏర్పాటు ఉంది. నేను ఒకే గదిలో రెండు లింక్స్‌లు చూసిన పాపాన పోలేదు. గేమ్ బాయ్ ఉన్న పిల్లలు పోకెమాన్లు ఇచ్చిపుచ్చుకుంటుంటే నేను పక్కన కూర్చుని నా దాంట్లో రంగులు ఎంత బాగున్నాయో చూపించేవాణ్ణి. "బాగుందిరా" అనేవాళ్ళు, ఒక నిమిషం ఆడేవాళ్ళు, వెనక్కి ఇచ్చేసి మళ్ళీ వాళ్ళ ఆటలో పడిపోయేవాళ్ళు. అందరూ మెచ్చుకుంటారు, ఎవరూ కొనరు. కొనరు కాబట్టి ఆటలు రావు, రావు కాబట్టి ఇంకెవరూ కొనరు. కొన్నవాడు ఉన్న ఆటల్నే అరిగేదాకా ఆడతాడు. గిజ్మాండో అని 2005లో వచ్చింది ఒకటి, జీపీఎస్ ఉంది, కెమెరా ఉంది, మెసేజ్‌లు పంపొచ్చు, అన్నీ ఉన్నాయి, అమ్ముడైంది పాతిక వేల లోపే. ఏడాది తిరక్కుండానే 2006 ఫిబ్రవరిలో కంపెనీ దివాలా.

ఇక మరమ్మతులు. తొంభైల మొదట్లో తయారైన మెషీన్ కొంటే అందులోని కెపాసిటర్ల గురించి తెలుసుకోక తప్పదు. బోర్డు మీద అతికించిన చిన్న చిన్న డబ్బాలు, వాటి లోపలి ద్రవం ఏళ్ళు గడిచాక కారుతుంది, కారి రాగి గీతల్ని తినేస్తుంది. ముందు సౌండ్ సన్నబడుతుంది, తర్వాత తెర వెలిసిపోయి ఒక పక్క నుంచి చూస్తేనే కనిపిస్తుంది, ఆ తర్వాత లైటు మాత్రం వెలుగుతుంది, ఇంకేం రాదు. నా దగ్గరున్న ఒకదాన్ని, పేరు ఎందుకులెండి, విప్పి సోల్డరింగ్ ఐరన్ పెట్టగానే గుప్పుమని చేపల కంపు. కారిన కెపాసిటర్ని వేడి చేస్తే అదే వాసన వస్తుంది, అది తెలియక ముందు మెషీన్లోకి ఏదో దూరి చచ్చిందనుకున్నాను. పాతవి పీకి, ఆ మరకలు ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తవి అతికించి, ఆన్ చేసినప్పుడు వచ్చే టెన్షన్ ముందు లోపలున్న ఆట ఏపాటిది. ఇంకోదానికి పైన పూసిన మెత్తటి రబ్బరు పూత కాలక్రమంలో జిగురైపోయి పట్టుకుంటే వేళ్ళకి అంటుకుంటోంది. కొత్తలో దాన్నే ఖరీదైన ఫీల్ అని మెచ్చుకున్నాం. ఎల్‌సీడీల పై పొర పాడైతే ఇంకో గొడవ, తెర మీద గోధుమరంగు మచ్చలు పాకుతూ వస్తాయి, పొర చింపి కొత్తది అతికించాలి, ఒక్క దుమ్ము రేణువు పడిందంటే జీవితాంతం దాన్నే చూస్తూ ఆడాలి.

మధ్యలో కొన్నాళ్ళు నేను ఆటలు మానేసి ఆటలు రాసేవాళ్ళ వెంట పడ్డాను. కొరియా నుంచి 2005లో వచ్చిన జీపీ2ఎక్స్ అనే గేమ్ మెషీన్ దానికి కారణం. లోపల లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్, రెండు పెన్సిల్ సెల్లు, ఎస్‌డీ కార్డు, ఎవరైనా ప్రోగ్రామ్ రాసి పెట్టుకోవచ్చు, అడిగేవాడు లేడు. మొదట్లో వచ్చిన వాటి స్టిక్ మాత్రం దరిద్రం. ఆ మెషీన్ అభిమానులే కొందరు కలిసి కీబోర్డుతో సహా పండోరా అనే బుల్లి కంప్యూటర్ లాంటిది మొదలుపెట్టారు. 2008లో ముందస్తు డబ్బు కట్టించుకుంటే 2010లో గానీ అందడం మొదలవలేదు, కొందరు ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. పది మంది ఇష్టంతో చేసే వస్తువుకి ఇది ఎప్పుడూ ఉండే గండం. ఫ్యాక్టరీ ఒక్కసారి కాదంటే చాలు, తోసుకెళ్ళే బలం వాళ్ళకి ఉండదు.

ఆర్డుబాయ్ అనే బుల్లి గేమ్ మెషీన్ నాకు అంతకన్నా బాగా నచ్చింది. క్రెడిట్ కార్డు సైజు, తెర 128 బై 64 చుక్కలు, తెలుపు నలుపు అంతే. ప్రోగ్రామ్‌కి 32 కేబీ, పనిచేసే మెమరీ రెండున్నర కేబీ, అందులో ఒక కేబీ తెర బొమ్మకే పోతుంది. మిగిలిన దాంట్లో ప్రపంచాన్ని ఇమడ్చాలి. నేను రాసిన ఆటలో శత్రువు ఎటు చూస్తున్నాడో గుర్తుపెట్టుకోవడానికి చోటు చాలక, వాడి ప్రాణాల అంకెలోనే ఒక బిట్, అంటే సున్నానో ఒకటో పట్టేంత చోటు, కాజేసి అక్కడ దాచాను. దానివల్ల దెబ్బ తగిలి ఆ అంకె తగ్గినప్పుడల్లా బిట్ కూడా మారి, వాడు రెండోవైపు తిరిగేవాడు. చూసినవాళ్ళు "భలే పెట్టావే ఆ రియాక్షన్" అన్నారు. నేను తల ఊపి ఊరుకున్నాను. వేరేవాళ్ళ ఆటల కోడ్ అయితే తీరిగ్గా కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివేసేవాణ్ణి, పెద్ద ఆటల విషయంలో ఏ ఒక్క మనిషికీ సాధ్యం కాని పని అది.

ఈ మధ్య వచ్చిన వాటిలో ప్లేడేట్ ఒక్కటే నన్ను పాత రోజుల్లోకి లాక్కెళ్ళింది. పానిక్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ 2019లో ప్రకటించి 2022లో అందించింది. పసుపుపచ్చ పలక, 400 బై 240 చుక్కల తెలుపు నలుపు తెర, లైటు లేదు, పక్కనుంచి బయటికి తీసి తిప్పే చిన్న పిడి. పిడి ఏంటని అందరూ నవ్వారు, నేను వెంటనే లైన్లో నిలబడ్డాను. దాంతో వచ్చే ఇరవైనాలుగు ఆటలూ ఒకేసారి ఇవ్వరు, వారానికి రెండు చొప్పున వాటంతట అవే దిగుతాయి, ఏం రాబోతోందో ముందు చెప్పరు. ఒక ఆటలో పిడి ముందుకి తిప్పితే కాలం ముందుకి, వెనక్కి తిప్పితే వెనక్కి నడుస్తుంది. డేట్‌కి లేటవుతున్న చిన్న రోబో, దారిలో అడ్డొచ్చేవి మాత్రం మన పిడి మాట వినవు, వాటి టైములో అవి పోతాయి. సీతాకోకచిలుక మీది నుంచి ఎగిరే సమయానికి మన రోబో పువ్వు వాసన చూడటానికి వంగి ఉండాలి, అంటే ఆ క్షణం దగ్గర పిడిని పట్టి ఆపాలి. ఈ ఆటని ఫోన్లో ఆడలేం. ఆడినా వేలితో గాజు మీద సున్నాలు చుట్టడమే అవుతుంది. కొన్ని ఆటల్లో మాత్రం పిడి మెనూ జరపడానికే ఉంటుంది, అలాంటివి చూస్తే ఒళ్ళు మండుతుంది, ఎంత కష్టపడి పెట్టారు దాన్ని అక్కడ! దాని సెట్టింగ్స్‌లో కూడా మెషీన్ని తలకిందులుగా పట్టుకునే వీలుంది, నాలాంటి ఎడమచేతి వాళ్ళ కోసం. లైటు లేకపోవడం మటుకు నిజంగానే ఇబ్బంది, మసక వెలుతుర్లో కళ్ళు లాగేస్తాయి. పగలు బయట కూర్చుంటే ఆ తెర ముందు ఏ ఫోనూ పనికిరాదు.

పాత మెషీన్లని అనుకరిస్తూ, వేల పాత ఆటలు నింపి అమ్మే ఎమ్యులేటర్ డబ్బాలు కూడా ఒకటి రెండు కొన్నాను. మంచివే, తప్పు పట్టడానికేం లేదు. లిస్టు పైకీ కిందికీ జరుపుతూ కూర్చుంటాను, ఏదో ఒకటి పెడతాను, నచ్చకపోతే ఇంకోటి, అలా రాత్రి అయిపోతుంది. వండర్‌స్వాన్ ఆటలూ వాటిలో ఉంటాయి, కానీ నిలువుగా తిప్పమన్నప్పుడు బటన్లు ఉండాల్సిన చోట ఉండవు.

అందుకే, అన్నయ్యా, ఫోన్లో ఆడుకోవచ్చుగా అంటే ఆడుకోవచ్చు, ఆ చేతికి ఆ బటన్ తగలదు, అంతే తేడా. ఇది చదివి ఎవరికైనా కొనాలనిపిస్తే నా సలహా ఒక్కటే, ముందు అది ఏం తిని బతుకుతుందో చూడండి. పెన్సిల్ సెల్లుతో నడిచేవి ముప్పై ఏళ్ళయినా లేచి నిలబడతాయి, ఆ సెల్లు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి. లోపల లిథియం బ్యాటరీ అతికించి, ఆ సైజు ఇంకెవరూ చేయని రకమైతే అది ఉబ్బిన రోజున మీ దగ్గర మిగిలేది ప్లాస్టిక్ పలక. పాత మెషీన్ చేతికి రాగానే సెల్లు పెట్టే గదిలో స్ప్రింగుల మీద తెల్లటి పొడి ఉందేమో చూడండి, ఉంటే వెనిగర్ ముంచిన దూదితో తుడవండి. లోపల బిళ్ళ సెల్లు ఉంటే అదే రోజు మార్చేయండి, లేదంటే నియో జియో పాకెట్ ఆన్ చేసిన ప్రతిసారీ మీ పుట్టినరోజు అడుగుతుంది.